సుద్ద బూట్ల బ్యాండు

మా తాత సంసోను ఏడో తరగతి తప్పాడు. నేను పదో తరగతి తప్పాను. మధ్యలో మా అమ్మ సంపూర్ణ తొమ్మిది దాకా చదివి పెళ్లి చేసుకుంది. అంటే మా ఇంట్లో చదువు మెల్లగానైనా ముందుకే నడుస్తోంది. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటే అమ్మ నెత్తిన మొట్టికాయ వేస్తుంది. తాత మాత్రం, బతికున్న రోజుల్లో, "అవ్, నిజమే గదా" అని తల ఊపేవాడు. చదువు విషయంలో ఆయనకు పట్టింపు లేదు. ఆయన పట్టింపంతా గోళ్ల మీద, బూట్ల మీద, ఎడమకాలు ముందా కుడికాలు ముందా అన్నదాని మీద.

ఆయన హైస్కూల్లో అటెండరు. ఊరి పేరు చింతరేవు. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే బస్సు ఎక్కి మధ్యలో దిగి, గోదావరి వైపు రెండు మైళ్లు నడవాలి. ఒక పక్క అడవి, ఒక పక్క లంక భూములు, నడుమ రేకుల కప్పుతో బడి. గంట కొట్టడం, మంచినీళ్లు మోయడం, హెడ్మాస్టరు గారికి టీ తేవడం, పరీక్షల రోజు బీరువా తాళంచెవి పోగొట్టుకోవడం తాత పనులు. "ఓ సంసోనూ" అని ఎవరు పిలిచినా ఏదో ఒకటి మోయాల్సి ఉంటుందని ఆయనకు తెలుసు.

ఈ ఉద్యోగానికి ముందు నాలుగేళ్లు ఖమ్మంలో ఒక పెళ్లిబ్యాండు పార్టీలో పెద్ద డ్రమ్ము మోశాడు. వాయించడం కాదు, మోయడం. ఈయన వీపుకు కట్టుకుని ముందు నడిస్తే, వాయించేవాడు వెనక నడుస్తూ బాదేవాడు. ఆ నాలుగేళ్లలో తాతకు సంగీతం వీపులోంచి ఎక్కింది. చెవిలోంచి ఎక్కినవాళ్లకు రాగం వస్తుందేమో కానీ, వీపులోంచి ఎక్కినవాడికి దెబ్బ ఎక్కడ పడాలో మాత్రం జన్మలో మరుపు రాదు.

డెబ్బై తొమ్మిదిలో బడికి బ్యాండు సెట్టు వచ్చింది. పెద్ద డ్రమ్ము ఒకటి, చిన్న డ్రమ్ములు మూడు, రేకు ఫ్లూట్లు ఎనిమిది, రెండు జతల తాళాలు, ఒక ట్రయాంగిల్, ఒక బ్యూగిలు. వీటన్నిటి మీద, బ్యాండు ముందు నడిచేవాడు తిప్పే, కొసన ఇత్తడి గుండు ఉన్న పొడుగాటి కర్ర. డ్రిల్లు సారు ఆంథోని గారు పెట్టె మూత తీసి చూసి, మళ్లీ దించేసి, "దీనికి ట్రెయినింగు కావాలె" అన్నారు. ట్రెయినింగు కోసం రెండేళ్లు కుర్చీలో కూర్చుని ఎదురుచూశారు. అది రాలేదు కానీ ఎలుకలు వచ్చి పెద్ద డ్రమ్ము తోలు ఒక పక్క తినేశాయి. తాత మేకతోలు తెచ్చి, నానబెట్టి, లాగి కట్టాడు. కట్టినందుకు హెడ్మాస్టరు గారు, "సరే, ఆ కర్ర కూడా నువ్వే పట్టుకో పో" అన్నారు. ఆయన విసుక్కుని అన్న మాటను తాత అపాయింట్‌మెంటు ఆర్డరు కింద తీసుకున్నాడు.

మర్నాటి నుంచి బ్యాండు పిల్లలు ఆయన్ను 'మాస్టరూ' అని పిలవాలి. అది మొదటి రూలు.

మొత్తం పద్నాలుగు రూల్సు. తాత చెబుతూ ఉంటే అమ్మ కేలండరు వెనక రాసింది, కింద బ్యాండు పిల్లల పేర్లతో సహా. పెళ్లిబ్యాండు పార్టీ ఓనరుకు ఒకే ఒక్క రూలు ఉండేదట, పెళ్లికొడుకు కంటే ముందు తినొద్దని. బడిపిల్లలకు అది చాలదని తాత ఉద్దేశం. గోళ్లు ప్రతి సోమవారం చూపించాలి. ఫ్లూటు ఊదేవాళ్లు ఉసిరికాయ, చింతకాయ, పచ్చిమామిడి తినరాదు, నోట్లో నీళ్లు ఊరి ఫ్లూటులోంచి కారతాయి కాబట్టి. ఫ్లూటును ఇంటికి తీసుకుపోయి మేకలను పిలవరాదు. హెడ్మాస్టరు గారి ఉపన్యాసంలో ఆవలించరాదు; మరీ ఆగకపోతే బ్యూగిలు అడ్డం పెట్టుకోవాలి. ఒకసారి వాయించడం మొదలయ్యాక కర్ర కిందికి దిగే వరకు ఆపరాదు, నిక్కరు జారినా సరే. నిక్కరు సంగతి ఊహించి రాసింది కాదు. మొదటి ఏడాది ఆగస్టు పదిహేనున సీతయ్య నిక్కరు జారింది, పట్టుకోబోయి పెద్ద డ్రమ్ము ఆపాడు, బ్యాండు మొత్తం నీళ్లు అయిపోయిన బోరింగులా ఆగిపోయింది.

అన్నిటికన్నా ముఖ్యం తెల్ల బూట్లు. బూట్లు తొమ్మిది జతలే వచ్చాయి, పిల్లలేమో పదహారు మంది. తాత తొమ్మిది మందిని ముందు నిలబెట్టి, వెనక ఏడుగురికీ సుద్దముక్కలు నానబెట్టిన నీళ్లతో చీలమండ దాకా కాళ్లకు పూత వేయించేవాడు. పూత ఆరేదాకా కాళ్లు బార్లా చాపుకుని ఎండలో కూర్చోవాలి. దూరం నుంచి చూస్తే బూట్లే. దగ్గరికి వచ్చి చూసేంత పెద్దమనిషి మా ఊరికి ఎప్పుడూ రాలేదు.

పదకొండో రూలు మిరపకాయది. లంకలో పండేదే మిర్చి, పిల్లలందరూ ఏరేవాళ్లే. ఒకసారి బొజ్జయ్య మిరపతోట నుంచి తిన్నగా వచ్చి ఫ్లూటు పట్టాడు. పెదవులు వడల్లా ఉబ్బి, వాళ్లమ్మ ఆదెమ్మ తాత మీదికి పోట్లాటకు వచ్చింది. అందుకని, మిరపకాయ ముట్టిన చేత్తో ఫ్లూటు ముట్టరాదు. ముట్టించినవాడు ఎవడైనా సరే, వారం రోజులు వరస బయట, నీళ్లకుండ దగ్గర. ఈ 'ఎవడైనా సరే' అన్న ముక్క తాతకు మహా ఇష్టం. దాదాపు ప్రతి రూలు చివరా అది ఉంటుంది. మూడు రోజులు రాకపోతే పేరు కొట్టివేత, ఎవడైనా సరే.

ఎనభై మూడు డిసెంబరులో ఒకరోజు హెడ్మాస్టరు గారు తాతను పిలిచి, "సంసోనూ, కూసో" అన్నారు. పదమూడేళ్ల సర్వీసులో ఆ గదిలో తాతను కూర్చోమన్నవాళ్లు లేరు. తాత కుర్చీ కొసన సగమే కూర్చున్నాడు.

"భద్రాచలం నుంచి కాగితం వచ్చింది. జనవరి ఇరవై ఆరున అక్కడ పరేడు. పదహారు మంది పిల్లలతోటి బ్యాండు రావాలంట. తక్కువైతే సెట్టు వాపసు తీసుకుంటరంట. వేరే బడివాళ్లు అడుగుతున్నరంట."

"సెట్టంటే మొత్తమా సార్?"

"మొత్తం."

"కర్ర గూడానా?"

"కర్ర లేకుండ సెట్టేందయ్యా."

ఆ సాయంత్రం తాత కంచం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోలేదు. మా అమ్మమ్మ సవరమ్మ చూసి, "ఏందయ్యా, ఎవరు పోయిండ్రు?" అంది.

"ఇంకా పోలే. పోయేటట్టున్నది."

"ఎవరు?"

"కర్ర."

అమ్మమ్మకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. రెండేళ్లుగా ఈ మనిషి పొద్దున్నే లేచి, మొహం కూడా కడగకుండా, ఇత్తడి గుండుకు చింతపండు పెట్టి తోముకోవడం ఆమె చూస్తూనే ఉంది. ఆ కర్ర పోతే మిగిలేది 'ఓ సంసోనూ' అన్న పిలుపొక్కటే.

అసలు చిక్కు అప్పటికే మొదలైంది. ఆ ఏడాది లంకలో మిర్చి తొందరగా పండింది. క్రిస్మస్ లోపలే మొదటి కోత. కూలీలు చాలక ఇళ్లలో ఉన్న పిల్లలందరినీ తీసుకుపోయారు. మూడు రోజులు రానివాళ్ల పేర్లు తాత ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాడు. పదహారు పదమూడు అయింది, తర్వాత పది. మా అమ్మ మొత్తుకుంది. "నాయినా, పేర్లు నువ్వే తీసేస్తే పదహారు మందిని ఏడ తెస్తవ్?" తాత పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "నువ్వు రెండు రోజులు రాలే. ఇంకొక రోజుంది, జాగ్రత్త" అన్నాడు. అమ్మ ట్రయాంగిల్ వాయించేది. జ్వరంతో రాలేదు. ఆ జ్వరానికి మందు తెచ్చి పోసింది కూడా ఈయనే.

నెలాఖరులో చాంది వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల, తండాలో ఉంటుంది. ఫ్లూట్లకు ముందు ఎత్తుగడ ఆమెదే. ఆమె ఎత్తుకుంటే తప్ప తక్కిన ఏడు ఫ్లూట్లకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మా ఇంటి గుమ్మం బయటే నిలబడింది, వేళ్లు ఎర్రగా మండిపోతూ ఉన్నాయి.

"ఏడికి పోయినవ్?" అన్నాడు తాత.

"మిరపకాయ ఏర."

"మూడు రోజులా?"

"నాలుగు, మాస్టరూ. సోమవారం నువ్వు లెక్క మరిచినవ్."

తాత కేలండరు తిప్పి ఆమె పేరు మీద గీత గీశాడు. చాంది మెడ చాపి ఆ గీతనే చూసింది.

"నన్ను కొట్టేస్తే ముందు ఎవరు ఎత్తుకుంటరు?"

"రూలు రూలే."

"మంచిది. రూలునే ఊదమను." అని వెళ్లిపోయింది.

అప్పటికి మిగిలింది ఏడుగురు. అందులో ఒకడికి తాళాలు తప్ప ఏమీ రావు, ఇంకొకడికి తాళాలు కూడా రావు. హెడ్మాస్టరు గారు పిలిచి కేకలేశారు. "పేర్లు మళ్ల రాసెయ్యవయ్యా. రూల్సు రాసింది నువ్వేనాయె. నీకు అడ్డం ఎవరొస్తరు?"

"నేనే రాసి నేనే చెరిపితే, రేపు పిల్లలు నా గోళ్లు చూస్తమంటరు సార్."

హెడ్మాస్టరు గారు తాత గోళ్లు చూశారు. చూసి, "టీ తెచ్చిపెట్టు పో" అన్నారు.

ఇంట్లో అమ్మమ్మ ఇంకో విధంగా చెప్పింది. "నువ్వు కర్ర కోసం ఏడుస్తున్నవా, రూల్సు కోసం ఏడుస్తున్నవా? రెండింట్ల ఒకటి చెప్పు, ఒకదానికే ఏడుద్దాం."

తాతకు రెండూ కావాలి. రూల్సు చెరిపితే మాస్టరుతనం పోతుంది, చెరపకపోతే కర్ర పోతుంది. నాలుగు రోజులు దిష్టిబొమ్మకు కాళ్లొచ్చినట్టు ఇంటికీ బడికీ మధ్య తిరిగాడు. ఆదివారం, జనవరి ఒకటి, చర్చిలో కొత్త కేలండర్లు పంచారు. తాత తనది చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చి, అన్నం కూడా తినకుండా అమ్మను పిలిచాడు.

"పాత కేలండరు మీద కొట్టేసిన పేరు పాత కేలండరుతోటే పోయింది. రాయి, మొదట్నుంచి రాయి. పద్నాలుగు రూల్సు, పదహారు పేర్లు."

అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఈ తెలివి క్రిస్మస్‌కే వస్తే చర్చి నాటకంల నిన్నొక జ్ఞానిగ నిలబెట్టేటోళ్లు గదయ్యా" అంది. రూల్సు ఉన్న పక్కే బయటికి కనపడేలా తాత మేకు కొట్టాడు కాబట్టి, ఆ ఏడాదంతా మా ఇంట్లో తారీఖు చూడాలంటే గోడకేసి తల దూర్చాల్సి వచ్చేది.

పేర్లు రాయడం సులువే. పిల్లలు రావాలి కదా. సోమవారం తాత లంకకు పోయాడు. ఏరేవాళ్లకు మేస్త్రి ధన్‌సింగ్, అంటే చాంది వాళ్ల నాన్న. గట్టు మీద నిలబడి తాత పరేడు సంగతి, కాగితం సంగతి, కర్ర సంగతి, దేశం సంగతి వరసగా చెప్పాడు. ధన్‌సింగ్ చుట్ట ముట్టించుకుని అంతా విన్నాడు.

"సంసోనన్నా, తొమ్మిది మంది పిల్లలు నా కాడ ఉన్నరు. దినాం రెండు గంటలు నీకిస్తే వాళ్ల సాళ్లు ఎవరు ఏరాలె?"

"పిల్లల సాళ్లు ఎంతలే."

"ఎంతా? తొమ్మిది మందికి రెండేసి గంటలు. పద్దెనిమిది గంటలు. నువ్వు ఏరుతవా?"

తాత ఆలోచించకుండా, "ఏరుత" అన్నాడు. తర్వాత ఆలోచించి, "నేను, సవరి" అన్నాడు. అమ్మమ్మను అడగాలన్న సంగతి ఆయనకు ఇంటికి సగం దారిలో గుర్తొచ్చింది. ఆమె ఏమందో అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు తాత నోరు తెరవకుండా గిన్నెలు తోమాడని మాత్రం చెప్పింది.

సర్వీసులో మొదటిసారి తాత నెల రోజులు సెలవు పెట్టాడు. పొద్దున మంచు ఆరాక ఇద్దరూ సాళ్లలోకి దిగేవాళ్లు. తాత తలకు తన తెల్ల రుమాలు చుట్టుకునేవాడు. ఆయనకు ఉన్నది ఆ ఒక్క రుమాలే. చెమట తుడిచినా అదే, చేతులు తుడిచినా అదే. మధ్యాహ్నం పిల్లలు తోట చివర ఇసకలో వరస కట్టేవాళ్లు. బడిలో మిగిలిన ఏడుగురు కూడా, బడి కంటే లంకే బాగుందని పరిగెత్తుకొచ్చారు. బాదేవాళ్లు, ఊదేవాళ్లు అక్కడ. మాస్టరేమో నలభై గజాల దూరంలో మిరపచెట్ల మధ్య నడుం వంచి, కనపడకుండా అరుస్తూ ఉండేవాడు. "సీతయ్యా, దెబ్బ లేటు." "ఎడమ, ఎడమ, మీ ఎడమ ఏదిరా." అడుగు చెప్పడానికి కళ్లెదుట ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి, ఎత్తుగడ అయిపోగానే చాందే ఫ్లూటు నడుముకు దోపుకుని ముందుకు వచ్చి చెయ్యి ఊపేది.

పదకొండో రూలు ఏమైందంటారేమో. దానికి ఏర్పాటు ఉంది. వాయించే ముందు ప్రతి పిల్లా పిల్లవాడూ చేతులు బూడిదతో తోమి, మజ్జిగతో కడిగి, ఆ వేలు తన పెదవికే రాసుకుని చూపించాలి. మండితే మళ్లీ కడగాలి. ఈ పరీక్ష అమ్మమ్మ చేసేది. పిల్లలు ఒక్కరు కూడా తప్పలేదు.

తప్పింది తాతే, అదీ మిర్చి దగ్గర. రెండో రోజే ధన్‌సింగ్ ఆయన బుట్ట కింద పోసి చూశాడు.

"ఇదేంది సంసోనన్నా?"

"మిరపకాయలు."

"తొడిమ ఏది? తొడిమ లేని కాయ నా కళ్లంలకు రావొద్దు. ఇగో ఇది పచ్చిది. ఇది తాలు, రంగు పోయింది, ఇది వేరే బుట్టల వెయ్యాలె. కొమ్మ ఇరగగూడదు. ఒక చేత్తోటి చెట్టు పట్టి ఇంకొక చేత్తోటి తెంపాలె. మూడుసార్లు చెప్త. నాలుగోసారి ఇంటికే."

తాత చేతులు కట్టుకుని నిలబడి, "అవ్" అన్నాడు. చాంది వాళ్లమ్మ మంగ్లి పక్క సాలులోంచి, "గోళ్లు గూడ చూడు, మేస్త్రీ" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. మా అమ్మమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

మూడు వారాలయ్యేసరికి తాతకు తొడిమతో తెంపడం వచ్చింది. పిల్లలకు మూడు పాటలు వచ్చాయి. ఒకటి జాతీయగీతం, ఒకటి చర్చిది, ఒకటి పెళ్లిది. పెళ్లిదాన్ని మార్చ్‌పాస్ట్ అని పేరు పెట్టి వాడుకున్నారు. ఖమ్మంలో ఊరేగింపు నడిచిన వాళ్లెవరైనా వింటే గుర్రం కోసం వెతుక్కునేవాళ్లు.

ఇరవై ఆరు పొద్దున ధన్‌సింగ్ ట్రాక్టరు ఇచ్చి రోడ్డు దాకా దింపించాడు, అక్కడి నుంచి బస్సు. భద్రాచలం గ్రౌండులో పదహారు మందీ వరస కట్టారు. తొమ్మిది జతల బూట్లు, ఏడు జతల సుద్ద. హెడ్మాస్టరు గారు రెండుసార్లు లెక్కపెట్టుకుని ఊపిరి వదిలారు. ఆంథోని సారు కూడా తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చారు, పొద్దున్నే టిఫిను బాగుంటుందని.

వాయించే ముందు ఫ్లూట్లు తుడవడం తాత ఎవరికీ వదలడు. అది మాస్టరు పని. ఒక్కొక్క ఫ్లూటు తీసుకుని, నోరు పెట్టే చోట ఊదిన ఆవిరితో తడిపి, జేబులోంచి రుమాలు తీసి మెరిసేదాకా రుద్దాడు. అమ్మమ్మ ఆ రుమాలును రాత్రే ఉతికి ఇచ్చింది. కానీ మూడు వారాలు గుంటూరు పోయే మిర్చిని ఏరిన చేతులు తుడిచిన గుడ్డ ఒక్క ఉతుకుకు బుద్ధి మార్చుకుంటుందా. ఎనిమిది ఫ్లూట్లూ తుడిచాడు. ఎనిమిదింటికీ సమానంగా, ఏ పిల్ల మీదా పక్షపాతం లేకుండా ఘాటు పట్టించాడు.

పెద్ద ఆఫీసరు గారు జెండా ఎగరేశారు. తాత కర్ర పైకెత్తాడు. చాంది ఎత్తుకుంది. జాతీయగీతంలో మొదటి లైను బాగానే నడిచింది. రెండో లైనులో బొజ్జయ్య కళ్లు ఎర్రబడ్డాయి. మూడోదానికి ఎనిమిది మందికీ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, ముక్కులు కూడా తోడయ్యాయి. కర్ర దిగలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. ఒక్క స్వరం తప్పలేదు. ఫ్లూట్లవాళ్లు ఏడుస్తుంటే చూసి, ఊళ్లో ఎవరికో ఏదో అయిందనుకుని, పెద్ద డ్రమ్ము సీతయ్య కూడా ఏడవడం మొదలుపెట్టాడు. ఏడుస్తూనే సరిగ్గా బాదాడు.

ఆఫీసరు గారు సెల్యూట్ చేస్తున్న చెయ్యి దించకుండా ఆ పిల్లల వైపే చూశారు. పాట అయ్యాక మైకు ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, అడవి అంచున చెప్పులు కూడా లేని పిల్లలు దేశం పేరు చెబితే కన్నీళ్లు పెట్టుకోవడం తన సర్వీసులో చూడలేదని అన్నారు. చెప్పులు లేవన్న మాట విని తాత కాస్త నొచ్చుకున్నాడు. మిగతాదంతా నిజమే అనుకుని మురిసిపోయాడు. తన ట్రెయినింగు కర్రలోంచి పిల్లల కడుపులోకి పోయిందనుకున్నాడు.

వరస వెనక్కి రాగానే చాంది చెయ్యి చాపింది. "మాస్టరూ, నీ రుమాలు ఇటియ్యి."

"కండ్లు తుడుచుకుంటవా బిడ్డా?"

"కాదు. నువ్వే వాసన చూడు."

తాత చూశాడు. మూడు తుమ్ములు తుమ్మాడు. ఒకసారి పిల్లల పెదవుల వైపు చూశాడు, ఒకసారి రుమాలు వైపు. ఎవరూ నవ్వలేదు. బొజ్జయ్య ఉబ్బిన పెదవులతో, "పదకొండు" అన్నాడు.

మార్చ్‌పాస్ట్‌కు పావుగంట ఉంది. అందరికీ ముందు కర్ర తిప్పుతూ నడిచేది మాస్టరే. దానికోసమే ఆయన మూడు వారాలు నడుం వంచాడు. తాత కర్ర కాసేపు రెండు చేతులతో పట్టుకుని నిలబడి, తర్వాత చాందికి ఇచ్చాడు.

హెడ్మాస్టరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఇప్పుడు నీ రూల్సేందయ్యా. ముందల నువ్వు లేకపోతే మొత్తం చెదిరిపోతది. సెట్టు పోతది."

"ఎవడైనా సరే అని రాసి ఉన్నది సార్."

"రాసింది నువ్వే."

"అందుకే సార్."

వెళ్లి నీళ్లకుండ దగ్గర నిలబడ్డాడు. పిల్లలు వరసగా వచ్చి, నోరు పుక్కిలించి, మళ్లీ వరసలోకి పోయారు. ఒక్కొక్కరికీ తనే ముంచి పోశాడు. గ్లాసు అంచు మాత్రం ముట్టకుండా అడుగున పట్టుకున్నాడు, అది ఆ రోజు ఆయన చేసిన మొదటి తెలివైన పని.

చాంది ఎత్తుగడ ఊది, ఫ్లూటు నడుముకు దోపుకుని కర్ర పైకెత్తింది. ఏడు ఫ్లూట్లతో, మేకతోలు డ్రమ్ముతో, పెళ్లిపాటతో పదహారు మందీ గ్రౌండు చుట్టూ నడిచారు. లంకలో ఇసక మీద ఎలా నడిచారో అలాగే. అప్పుడూ ఆమె చెయ్యి చూసే నడిచారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. తేడా తెలిసింది నీళ్లకుండ దగ్గర ఉన్న మనిషికే. మా అమ్మ ట్రయాంగిల్ కొడుతూ ఓరగా చూసిందట. తాత రెండు కాళ్లూ కుండ పక్కనే ఎడమ, కుడి, ఎడమ, కుడి కదులుతున్నాయట.

సెట్టు ఎక్కడికీ పోదని ఆఫీసరు గారు అక్కడే చెప్పారు. ఇంత బాగా నేర్పించిన మాస్టరు ఎవరని అడిగారు. హెడ్మాస్టరు గారు అటూ ఇటూ చూసి, తెల్ల ప్యాంటు కనపడితే ఆంథోని సారును ముందుకు తోశారు. సారుకు శాలువా కప్పారు. సారు పాపం మంచివాడు, ఏదో చెప్పబోయాడు, ఇంతలో చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆఫీసరు గారు దాహమేసి కుండ దగ్గరికి వచ్చారు. తాత గ్లాసు అడుగున పట్టుకుని నీళ్లిచ్చాడు.

"మీ బడి మాస్టరు అదృష్టవంతుడయ్యా, అట్లాంటి పిల్లలు దొరికారు" అన్నారు ఆయన.

"అవ్ సార్" అన్నాడు తాత. "కొంచెం చాదస్తం గానీ, మంచోడే."

మర్నాడు శుక్రవారం. పరేడు అయిపోయింది, సెట్టు పెట్టెలో భద్రంగా ఉంది, ఇక తాత సాళ్లు ఏరాల్సిన పని లేదు. ధన్‌సింగ్ కూడా అదే అన్నాడు. "అయిపోయింది గద సంసోనన్నా, ఇంటికి పో. నడుం పట్టుకుంటది."

"పిల్లలకు అర్ధగంటన్న ప్రాక్టీసు పెట్టకుంటే చేతులు మొద్దుబారతయి. ఆగస్టు దాక మరిచిపోతరు" అని తాత సాలులోకి దిగాడు. వెనకాలే అమ్మమ్మ, "కర్ర దక్కించుకుంటివి, నా నడుం ఎవరు దక్కిస్తరు" అనుకుంటూ దిగింది.

తోట చివర బ్యాండు మొదలైంది. కర్ర చాంది చేతిలో ఉంది. వారం గడవాలంటే ఇంకా ఆరు రోజులున్నాయి. తాత తొడిమలతో సహా కాయలు తెంపుతూ, మధ్యలో ఒక్కసారి నడుం ఎత్తి చెవి అటు పెట్టాడు.

"చాందీ, సీతయ్య దెబ్బ లేటు."

చాంది కర్ర దించకుండా, వెనక్కి తిరక్కుండా చెప్పింది.

"వరస బయటోళ్లు మాట్లాడొద్దు, మాస్టరూ."

తాత మళ్లీ వంగి సాలులోకి పోయాడు.